వేలు పెట్టడం

కుతైసీలో, రియోని నది మలుపు దగ్గర,
గ్రంథాలయం నేలమాళిగలో నా బల్ల.
పైన మార్చి వాన. కింద మూడు కంప్యూటర్లు,
అందులో ఒకటి నా కూతురి కంటే పెద్దది.
దాన్ని ఆపను.
ఆపితే మళ్ళీ లేస్తుందని నమ్మకం లేదు.

బధిరుల బడి మూతపడినప్పుడు
బూట్ల పెట్టెలో వచ్చాయి సీడీలు, నలభై ఒకటి.
అన్నిటి మీదా ఒకటే చేతిరాత:
ఇపొలిటె మాస్టారు, కథ ఒకటి.
ఇపొలిటె మాస్టారు, కథ రెండు.
కొత్త ప్లేయరుకి ఇస్తే
ఈ ఫైలెవరో నాకు తెలియదంది,
చుట్టాన్ని గుమ్మంలోంచే పంపేసినట్టు.

ఆ ఫార్మాట్ కనిపెట్టిన కంపెనీ ఎప్పుడో ఎత్తేశారు.
దాని ముడి విప్పే కోడెక్ కోసం పదకొండు రోజులు తిరిగాను.
చివరికి మూసేసిన ఫొటో స్టూడియోలో,
ఎవరికీ అక్కర్లేని ప్రింటరు తాలూకు సీడీలో,
ఓ మూల ఫోల్డర్లో నక్కి ఉంది.

బొమ్మ తపాలాబిళ్ళంత. సెకనుకి పది ఫ్రేములు.
శబ్దం లేదు.
ఆడియో ఎక్కడ పోగొట్టానా అని
గంటన్నర వెతికాక నవ్వొచ్చింది.
ఎవరి కోసం పెడతారు?

చారల స్వెట్టరు, వెనక నల్లబల్ల.
మాస్టారి చేతులు లేస్తాయి,
ఒకచోట మునిగి ఇంకోచోట తేలతాయి
నీటికాకిలా.

ఈ కాలానికి తగ్గట్టు చేద్దామనుకున్నాను.
ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, రెండు ఫ్రేముల నడుమ
లేని ఫ్రేముల్ని తనే అల్లుతుంది.
రాత్రంతా నడిచింది. పది అరవై అయ్యాయి.
తెల్లారేసరికి ఆ చేతులు
పట్టుబట్టలా జారుతున్నాయి.
నా పనితనానికి నేనే మురిశాను.

లమారాని పిలిచాను.
ఆ బడిలోనే చదివింది, ఇప్పుడు బట్టలు కుడుతుంది,
మెడలో టేపు తీయకుండానే వచ్చింది.
ఏడో కథ. ఎలుగుబంటి, అక్రోటు చెట్టు.
ఆమె ముఖం విప్పారింది, అంతలోనే ముడుచుకుంది.
అరచెయ్యి చూపించి ఆపమంది.
కాగితం లాక్కుని రాసింది:
"ఇక్కడ ఆయన 'ఆకలి' అన్నాడు.
నీ ముసలాడు 'సిగ్గు' అంటున్నాడు."

వెనక్కి తిప్పి చూశాను.
ఆకలికి చెయ్యి ముఖానికి దూరంగా తిరిగి పొట్టకి దిగాలి.
మిషను అడ్డదారిన, బుగ్గని రాసుకుంటూ దించింది.
పైగా ఒకచోట ఆయనకి ఆరు వేళ్ళు.
తెలియని విషయంలో వేలు పెట్టకూడదంటారు,
ఇది నిజంగానే పెట్టింది.

అరవైనీ చెరిపేశాను.
పదే ఉంచాను, ఆ తడబడే పది.
మధ్య ఖాళీలు పూరించుకోవడం లమారాకి వచ్చు,
ఆమె పక్కన కూర్చుని చదివినవాళ్ళకి వచ్చు.
నాకు రాదు.

ఇక చివరి సీడీ.
ఆ ఏళ్ళ చలికాలాల్లో కరెంటుకి వేళాపాళా ఉండేది కాదు.
నలభై ఒకటో కథ సగంలో గది ఆరిపోయింది.
కెమెరా బ్యాటరీ మీద ఉంది,
దాని మానాన అది తీస్తూనే ఉంది.
ముప్పై ఎనిమిది సెకన్ల నలుపు.
కత్తిరించబోయి, ఎందుకైనా మంచిదని ఆమెకి చూపించాను.

లమారా స్క్రీను వైపు చూడలేదు.
నా ఎడమచెయ్యి తీసుకుని, వెల్లకిలా తిప్పి,
అరచేతిలో మెల్లగా ఏదో చెప్పింది.
మూడు గీతలు, ఒక నొక్కు,
తర్వాత నా వేళ్ళు నాకే మూసింది.
"చీకట్లో ముందు బెంచీ పిల్ల చేతిలో
మాస్టారు కథ ముగించాడు. ఆ పిల్లని నేను," అని రాసింది.
ఏమిటా ముగింపని కాగితం ముందుకు జరిపాను.
ఆమె పెన్నుకి మూత పెట్టేసి
టేపు సర్దుకుంది.

నలుపంతా మార్చాను, ఒక్క ఫ్రేమూ వదల్లేదు.
కథకి దానికదే వేరే ఫైలు.
అన్నిటిలోకీ చిన్నది అదే.
నలుపుకి పెద్దగా చోటు అక్కర్లేదు.